పాత కెమెరాకు మూడు కాళ్ళు

మీ ఇంట్లో గోడమీద తాతయ్య, అమ్మమ్మల పెళ్ళి ఫోటో ఉందా? ఉంటే ఒక్కసారి దగ్గరగా వెళ్ళి చూడండి. తాతయ్య కోటు గుండీలు, అమ్మమ్మ పట్టుచీర అంచు, కుర్చీ చేతిమీద చెక్కిన పువ్వు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఆ ఫోటో తీసినాయన బహుశా ఒక పెద్ద చెక్కపెట్టె వెనక నిలబడి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని, "కదలకండి!" అని ఉంటాడు. ఎదుట కూర్చున్నవాళ్ళను కదలవద్దని చెప్పడం తేలికే. మరి కెమెరా కదలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న మా బడి సైన్సు క్లబ్బుకు ఎదురయింది. ఊళ్ళో ఎన్నో ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపి, దాన్ని మూసేసిన ఒక పెద్దాయన తన కెమెరాను మా బడికి ఇచ్చారు. ఇస్తూ, "దీన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి బాబూ. ఒక్క ఫోటో అయినా తీసి నాకు చూపించండి" అన్నారు. పిల్లలు సరేనన్నారు.

కెమెరా బాగానే ఉంది. టేకుచెక్క, ఇత్తడి బిగింపులు, చిల్లులు పడని తిత్తి, చక్కని కటకం. 8×10 అంగుళాల చిత్రం తీస్తుంది. కటకంతో కలిపి బరువు 8 కిలోలు. స్టూడియోలో అది చక్రాల బల్లమీద ఉండేదట. ఆ బల్లను చెదలు తినేశాయి. కాబట్టి ఇప్పుడు కెమెరాను ముక్కాలి స్టాండుమీద నిలబెట్టాలి.

కెమెరాను జాగ్రత్తగా బోర్లించి చూశాం. అడుగుపలక సరిగ్గా మధ్యలో ఒక రంధ్రం ఉంది. ఎవరో ఎప్పుడో పావు అంగుళం మర నేరుగా చెక్కలోకే ఎక్కించారు. లోపలి మరచుట్లన్నీ అరిగి, చిరిగి ఉన్నాయి. రంధ్రం గుండ్రంగా లేదు, వెనక వైపుకు సాగి కోడిగుడ్డులా తయారయింది. టేకు గట్టి చెక్క కదా, ఎందుకు చిరిగింది? ఆ చిరిగిన రంధ్రమే మాకు పాఠ్యపుస్తకం అయింది. ఆ పాఠాన్ని మీరూ చదవండి.

పెట్టె, తిత్తి, గరుకుగాజు

ఇలాంటి కెమెరాను వ్యూ కెమెరా అంటారు. దాని నిర్మాణం చాలా సరళం. ముందు ఒక చట్రం, అందులో కటకం. వెనక ఇంకొక చట్రం, అందులో గరుకుగాజు పలక. ఈ రెంటినీ కలుపుతూ హార్మోనియం తిత్తిలాంటి మడతల తిత్తి. చట్రాలు అడుగుపలకమీది పట్టాలవెంట ముందుకూ వెనక్కూ జరుగుతాయి. దృశ్యం గరుకుగాజుమీద తలకిందులుగా పడుతుంది. బయటి వెలుతురులో అది సరిగా కనబడదు కాబట్టి నల్లగుడ్డ కప్పుకుంటారు.

ప్రతిబింబం స్పష్టంగా కుదిరిన తరువాత కటకానికి మూత పెడతారు. గరుకుగాజు స్థానంలో ప్లేటు హోల్డరును దూర్చుతారు. హోల్డరు ముందున్న పలుచని పలకను పక్కకు లాగుతారు. అప్పుడు కటకం మూత తీసి, లెక్కపెట్టి, మళ్ళీ మూస్తారు. గమనించారా? అంతా సరిచూసుకున్న తరువాత కెమెరాను మనం కనీసం నాలుగుసార్లు ముట్టుకుంటున్నాం! ఒక్కసారి అది పక్కకు జరిగినా పడ్డ శ్రమంతా వృథా.

ఎంత జరిగితే ప్రమాదం? చిన్న లెక్క వేద్దాం. మా కెమెరా కటకం నాభ్యంతరం 30 సెంటీమీటర్లు, అంటే 300 మిల్లీమీటర్లు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని ఒక నిమిషం అంటారని మీకు తెలుసు. కెమెరా ఒక్క నిమిషం కోణం తిరిగితే ప్రతిబింబం 300 × 0.00029, అంటే సుమారు 0.09 మిల్లీమీటరు జరుగుతుంది. చదువుకునే దూరం నుంచి మన కన్ను ఇంచుమించు 0.1 మిల్లీమీటరు ఎడం ఉన్న గీతలను విడివిడిగా గుర్తించగలదు. కాబట్టి మూత తీసి ఉన్నంతసేపూ కెమెరా ఒక్క నిమిషం కోణానికి మించి కదలకూడదు. రెండు మూడు నిమిషాలు కదిలిందో, గుండీలన్నీ మసకబారిపోతాయి.

"అంతసేపు" అంటే ఎంతసేపు? మేము ఫిల్ముకు బదులు ఫోటో కాగితాన్నే హోల్డరులో పెట్టదలుచుకున్నాం. కాగితం ఫిల్ముకంటే చాలా మందకొడి. కటకం రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే ఎండలో కూడా దాదాపు ఒక సెకను కావాలి, నీడలో అయిదారు సెకన్లు పడుతుంది. అంతసేపు 8 కిలోల కెమెరాను చేత్తో పట్టుకుని ఎవరూ కదలకుండా ఉండలేరు.

పాతవాళ్ళు ఏం చేశారు?

మన ప్రాంతంలో ఈ విద్యకు వన్నె తెచ్చిన వ్యక్తి రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేసి, 1894లో "రాజా" బిరుదు అందుకున్నారు. కోటలు, దర్బారులు, వేట శిబిరాలు అన్నిటినీ పెద్ద పెద్ద గాజుపలకలమీద చిత్రించారు. ఆయన గాజు నెగటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆ చిత్రాలలో కనిపించే స్పష్టతలో కటకానికి ఎంత వాటా ఉందో, కెమెరాను కదలకుండా నిలబెట్టిన ముక్కాలికీ అంత వాటా ఉంది.

ఆ కాలపు బ్రిటిష్ ఫీల్డు కెమెరాల అడుగున ఒక తమాషా ఏర్పాటు ఉండేది. అడుగుపలకలో పెద్ద గుండ్రటి ఖాళీ, దాని అంచున ఇత్తడి చక్రం. ముక్కాలి కర్రల పైకొనలు నేరుగా ఆ చక్రానికే తగులుకునేవి. కెమెరా బరువు ఒక చిన్న మరమీద కాకుండా వెడల్పాటి వలయంమీద పడేది. 1940 దశకం నుంచి కేరళలోని ఆలప్పుళలో కరుణాకరన్ అనే ఆయన "వాగీశ్వరి" పేరుతో టేకుచెక్క కెమెరాలు తయారుచేశారు. అవి ఎన్నో స్టూడియోలకు చేరాయి.

స్టూడియోలో మాత్రమే వాడే కెమెరాల సంగతి వేరు. అవి బల్లమీదనే కూర్చునేవి. వాటికి ముక్కాలి బిగింపు అక్కరలేదు. మా కెమెరా ఆ జాతిది. దానికి కొత్తగా బిగింపు అమర్చాలి.

మూడే కాళ్ళు ఎందుకు?

మీ వంటింట్లో ముక్కాలిపీట ఉంటే ఎగుడుదిగుడు నేలమీద పెట్టి చూడండి. అది ఎప్పుడూ టకటకలాడదు. నాలుగు కాళ్ళ కుర్చీ అదే నేలమీద ఆడుతుంది. ఒకే వరుసలో లేని మూడు బిందువులగుండా ఒక తలం తప్పకుండా పోతుంది. నాలుగో బిందువు ఆ తలంమీదే ఉండాలన్న నియమం లేదు. అందుకే నాలుగో కాలు గాలిలో తేలుతుంది. కొండమీదయినా, పొలం గట్టుమీదయినా మూడు కాళ్ళూ నేలను తాకే ఉంటాయి.

కానీ మూడు కాళ్ళూ నేలను తాకినంత మాత్రాన చాలదు. వస్తువు బరువంతా ఒకేచోట కేంద్రీకృతమైనట్టు ప్రవర్తించే బిందువును గురుత్వకేంద్రం అంటారు. దానినుంచి కిందికి గీసిన లంబరేఖ మూడు కాళ్ళ మధ్య ఏర్పడే త్రిభుజంలో పడాలి. బయట పడిందంటే కెమెరా బోర్లా పడుతుంది. అందుకే ఫోటోగ్రాఫర్లు ఒక కాలిని ఎప్పుడూ కటకం దిక్కుగా ముందుకు పెడతారు. మిగిలిన రెండు కాళ్ళ మధ్య తాము నిలబడతారు. కటకం బరువు ముందుకు లాగినా ఆ కాలు ఆదుకుంటుంది, వెనక నిలబడడానికి చోటూ ఉంటుంది.

కాళ్ళ సంగతి ఇది. మరి ఆ కాళ్ళకూ కెమెరాకూ కలిసే చోటు? చిరిగిన రంధ్రం చెప్పే కథ అక్కడే ఉంది.

మధ్యబిందువు వేరు, గురుత్వకేంద్రం వేరు

రంధ్రం చేసినవాళ్ళు స్కేలు పెట్టి కొలిచి, అడుగుపలక సరిగ్గా మధ్యలో చేశారు. అదే మొదటి పొరపాటు. కెమెరా కుడి ఎడమల ఒకేలా ఉంటుంది కాని, ముందువెనకల ఒకేలా ఉండదు.

మా పిల్లలు ఇలా కొలిచారు. అడుగుపలక పొడవు 60 సెంటీమీటర్లు. ముందు కొన కింద ఒక తూకం యంత్రం, వెనక కొన కింద ఇంకొకటి పెట్టారు. పలక సరిగ్గా కొనలమీదే ఆనేలా రెండు యంత్రాలమీదా గుండ్రటి కర్రముక్కలు అడ్డంగా ఉంచారు. తిత్తిని మామూలుగా ఫోటో తీసేటంత దూరం సాగదీశారు. వెనక యంత్రం 5 కిలోలు, ముందు యంత్రం 3 కిలోలు చూపించాయి.

ఇక బలభ్రామకాల సూత్రం వాడదాం. బలాన్ని అది పనిచేసే దూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుంది. వెనక కొననుంచి గురుత్వకేంద్రం దూరం "దూ" అనుకుంటే, వెనక కొన చుట్టూ,

8 × దూ = 3 × 60

కాబట్టి దూ = 22.5 సెంటీమీటర్లు. పలక మధ్యబిందువు వెనక కొననుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే పాత రంధ్రం గురుత్వకేంద్రానికి 7.5 సెంటీమీటర్లు ముందుంది! కెమెరా ఎప్పుడూ వెనక్కి వాలాలనే చూసింది. రంధ్రం వెనక వైపుకే ఎందుకు సాగిందో ఇప్పుడు తెలిసింది కదూ?

తూకం యంత్రాలు లేకపోతే ఇంకొక తేలిక పద్ధతి ఉంది. బల్లమీద అప్పడాల కర్ర అడ్డంగా పెట్టి, దాని మీద కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడ తూగుతుందో చూడాలి. ఇద్దరు చెరొక వైపు చేతులు ఆనించి పట్టుకోవాలి సుమా!

మరమీద ఎంత లాగుడు?

మామూలు ముక్కాలి తల ఒక గుండ్రటి బిళ్ళలా ఉంటుంది. దాని వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. మధ్యలో మర. కెమెరా వెనక్కి వాలాలంటే ఆ బిళ్ళ వెనక అంచుమీద తిరగాలి. గురుత్వకేంద్రం మరకు 7.5 సెంటీమీటర్లు వెనక ఉంది. బిళ్ళ అంచు మరకు 2.5 సెంటీమీటర్లు వెనక ఉంది. అంటే అంచు నుంచి గురుత్వకేంద్రం 5 సెంటీమీటర్ల దూరం. వాలనివ్వకుండా పట్టి ఉంచాలంటే మర లాగవలసిన బలం,

8 × 5 ÷ 2.5 = 16 కిలోల బరువుకు సమానం.

న్యూటన్లలో చెప్పాలంటే సుమారు 157. కెమెరా బరువు 8 కిలోలే, మర పట్టుకోవలసింది 16 కిలోలు! బిళ్ళ వ్యాసం 10 సెంటీమీటర్లయితే ఈ లాగుడు 8 × 2.5 ÷ 5, అంటే 4 కిలోలకు తగ్గుతుంది. రంధ్రం సరిగ్గా గురుత్వకేంద్రం కిందనే ఉంటే? మరమీద లాగుడే ఉండదు. బరువంతా బిళ్ళే మోస్తుంది. మర పని కేవలం కెమెరా పక్కకు జారకుండా పట్టుకోవడమే.

మంచి బిగింపు రహస్యమంతా ఈ ఒక్క మాటలో ఉంది. బరువును వెడల్పాటి ఆధారం మొయ్యాలి, మర ఊరికే పట్టుకోవాలి. మరచేత బరువు మోయించకూడదు.

"మాస్టారూ, 16 కిలోలకే టేకు చిరుగుతుందా?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఒక్కసారి లాగితే చిరగదు. కానీ హోల్డరు దూర్చిన ప్రతిసారీ, ముక్కాలితో సహా కెమెరాను భుజానికెత్తిన ప్రతిసారీ కుదుపులు ఆ లాగుడుకు తోడవుతాయి. పైగా పావు అంగుళం మర చుట్టు లోతు ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. చెక్కలో ఆ చుట్లు అంటే పలుచటి నారపోగుల అంచులే. ఉక్కుమర వందసార్లు ఎక్కి దిగితే అది ఆకురాయిలా వాటిని అరగదీస్తుంది. అందుకే చెక్కలో నేరుగా మర తియ్యకూడదు. మరను లోహంలో తియ్యాలి, ఆ లోహం చెక్కను వెడల్పుగా పట్టుకోవాలి.

కెమెరాకు కొత్త రంధ్రం చెయ్యలేదు

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. అడుగుపలకలో సరైన చోట ఇంకొక రంధ్రం చేస్తే పని అరగంటలో అయిపోతుంది. కానీ ఒకసారి పోయిన చెక్క తిరిగిరాదు. మన లెక్కలో ఎక్కడైనా పొరపాటుంటే మూడో రంధ్రం చెయ్యాలి. అలాంటి కెమెరా మళ్ళీ దొరకదు. పాత వస్తువులను బాగుచేసేవారు పాటించే నియమం ఒకటుంది: చేసిన పని రేపు ఎవరైనా విప్పి, వస్తువును మునుపటిలా చెయ్యగలిగేలా ఉండాలి. కాబట్టి కెమెరాను ముట్టుకోకుండా, దాని కింద విడిగా ఒక పీట అమర్చాలని నిశ్చయించాం.

పీటకు 18 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ తీసుకున్నాం. టేకు ఉండగా ప్లైవుడ్ ఎందుకు? చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఈ మార్పు పోగుల పొడవునా చాలా తక్కువ, పోగులకు అడ్డంగా ఎక్కువ. ప్లైవుడ్‌లో పలుచని పొరలను ఒకదానిమీద ఒకటి అడ్డం, నిలువుగా అతికిస్తారు. ఒక పొర సాగబోతే పక్క పొర ఆపుతుంది. అందువల్ల అది అంతగా ఉబ్బదు, మేకు దించితే పోగులవెంట చీలదు.

పీట అంచులవెంట నాలుగు చెక్క గడియలు అమర్చాం. తలుపు గడియ తిప్పినట్టు తిప్పితే అవి కెమెరా అడుగుపలక అంచులను పైనుంచి నొక్కి పట్టుకుంటాయి. తాకేచోట పలుచని తోలు అతికించాం. చట్రాలు జరిగే పట్టాలకు అవి అడ్డురాకుండా చూసుకున్నాం. కెమెరా ముందుకు జారకుండా పీటమీద ఒక అడ్డుపట్టీ బిగించాం. గడియలు తిప్పితే చాలు, కెమెరా మునుపటిలా విడిగా వచ్చేస్తుంది.

ఇత్తడి గొడుగు

ఇప్పుడు పీటకు మర కావాలి. లేత్ వర్క్‌షాపులో ఇత్తడితో ఒక బుష్ చేయించాం. చూడడానికి చిన్న గొడుగులా ఉంటుంది. పైన 5 సెంటీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం గల బిళ్ళ. కింద 14 మిల్లీమీటర్ల వ్యాసం, 13 మిల్లీమీటర్ల పొడవు గల గొట్టం. గొట్టం లోపల మర. దాన్ని పీట పైవైపు నుంచి, గురుత్వకేంద్రం కిందికి వచ్చేచోట దించాం. బిళ్ళ పీటతో సమానంగా ఉండేలా ఉలితో గుంట తీశాం. అది తిరగకుండా చిన్న మరమేకులు మూడు బిగించాం.

పైనుంచే ఎందుకు దించాలి? ముక్కాలి మర కిందినుంచి ఎక్కి బుష్‌ను కిందికి లాగుతుంది. బుష్ కిందినుంచి పెట్టి ఉంటే ఆ లాగుడుకు ఊడివస్తుంది. పైనుంచి పెడితే ఎంత లాగితే బిళ్ళ చెక్కను అంత గట్టిగా అదుముతుంది. చొక్కా గుండీ సంగతీ ఇంతే. గుడ్డకు పైన వెడల్పుగా ఉన్నందువల్లే అది కాజాలోంచి ఊడిరాదు.

బిళ్ళ వెడల్పుగా ఎందుకు? పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. బిళ్ళ చెక్కను తాకే వైశాల్యం సుమారు 18 చదరపు సెంటీమీటర్లు. 16 కిలోల లాగుడు వచ్చినా చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకన్న తక్కువే పడుతుంది. దానికి బదులు 12 మిల్లీమీటర్ల చిన్న వాషరు పెట్టి ఉంటే, వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటరే. పీడనం 20 కిలోలకు చేరుతుంది. సూదిమొన గుచ్చుకున్నట్టు చిన్న వాషరు చెక్కలో దిగబడుతుంది.

ఇంకొక కిటుకు. పీట మందం 18, బుష్ మొత్తం పొడవు 4 + 13 = 17 మిల్లీమీటర్లు. కింద ఒక మిల్లీమీటరు కావాలనే వదిలాం. గొట్టం బయటికి పొడుచుకువస్తే ముక్కాలి తల గొట్టాన్నే తాకుతుంది. అప్పుడు ఎంత బిగించినా చెక్కపీట వదులుగానే ఉంటుంది. గొట్టం లోపలే ఉంటే చెక్క బిళ్ళకూ ముక్కాలి తలకూ మధ్య ఇరుక్కుని కదలకుండా ఉంటుంది. ముక్కాలి మర కూడా 17 మిల్లీమీటర్లకన్న పొడవు ఉండకూడదు. ఉంటే పైకి పొడుచుకువచ్చి కెమెరా పలకకే తగులుతుంది.

మర కొలతలు

బజారులో దొరికే బోల్టు ఏదో ఒకటి తెచ్చి తిప్పవచ్చు కదా అనుకోకండి. మర విషయంలో రెండు కొలతలు కలవాలి: వ్యాసం, ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దూరం. ఒక్కొక్క కార్ఖానా ఒక్కొక్క రకంగా మరలు చేస్తున్న రోజుల్లో, 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించాడు. కెమెరా మరల కొలతలు నేటికీ అంగుళాలలో ఉండడానికి మూలం అక్కడే. ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రెండే రకాలు వాడతారు. చిన్న కెమెరాలకు పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. పెద్ద కెమెరాలకు మూడు బై ఎనిమిది అంగుళం, అంగుళానికి 16 చుట్లు.

మేము రెండోదే ఎంచుకున్నాం. దాని వ్యాసం మొదటిదానికి ఒకటిన్నర రెట్లు. వైశాల్యం వ్యాసపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి అడ్డకోత 2.25 రెట్లు. లోహం అదే అయినా అంతమేరకు ఎక్కువ లాగుడును తట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక. 6 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు చూడడానికి పావు అంగుళం బోల్టులాగే ఉంటుంది. కానీ పావు అంగుళం 6.35 మిల్లీమీటర్లు. చుట్ల మధ్య దూరం ఒకదానిలో 1 మిల్లీమీటరు, ఇంకొకదానిలో 1.27. ఒకటి రెండు చుట్లు ఎక్కి, బిగుసుకున్నట్టు నటిస్తుంది. నమ్మి చెయ్యి వదిలారో, కెమెరా కిందపడినట్టే!

ఒకే మేకుకు వేలాడే పటం

గోడమీద ఒకే మేకుకు తగిలించిన పటం కాస్త తగిలితే వంకరపోతుంది. రెండు మేకులకు తగిలిస్తే కదలదు. మన బిగింపులోనూ ఒకటే మర. హోల్డరు పలకను పక్కకు లాగినప్పుడు కెమెరా ఆ మర చుట్టూ తిరగబోతుంది. దీనికి విరుగుడుగా ముక్కాలి తలమీద 20 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రటి చెక్క బిళ్ళను గట్టిగా అమర్చాం. మరకు 8 సెంటీమీటర్ల దూరంలో అందులో ఒక ఇత్తడి చీల నిలబెట్టాం. పీట అడుగున సరిపోయే గుంట చేశాం. చీల గుంటలో కూర్చుంటే ఇక తిరగడమన్నది లేదు. మరకు చీల ఎంత దూరముంటే దానిమీద అంత తక్కువ బలం పడుతుంది. మళ్ళీ బలభ్రామకమే!

ఈ వెడల్పాటి బిళ్ళవల్ల ఇంకొక లాభం ఉంది. దగ్గరి వస్తువులను తియ్యడానికి తిత్తిని బాగా సాగదీస్తే ముందు చట్రం, కటకం ముందుకు జరుగుతాయి. వాటి బరువు 2 కిలోలు. వస్తువును దాని అసలు పరిమాణంలోనే తియ్యాలంటే అవి 30 సెంటీమీటర్లు అదనంగా జరగాలి. అప్పుడు మొత్తం గురుత్వకేంద్రం 2 × 30 ÷ 8 = 7.5 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. బిళ్ళ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు కాబట్టి గురుత్వకేంద్రం ఇంకా బిళ్ళమీదే ఉంటుంది.

వణుకును చూడడం ఎలా?

అంతా అయింది. కానీ ఒక నిమిషం కోణాన్ని కంటితో చూడలేం కదా. దానికి పిల్లలు కనిపెట్టిన ఉపాయం చెబుతాను. కెమెరా పక్కన చిన్న అద్దం ముక్కను బంకమట్టితో అంటించారు. కిటికీ గట్టుమీద లేజరు పాయింటరును కదలకుండా పెట్టి, దాని కిరణం అద్దంమీద పడి, అయిదు మీటర్ల దూరంలోని గోడమీద చుక్కగా కనబడేలా చేశారు. అద్దం తిరిగిన కోణానికి రెట్టింపు కోణం కిరణం తిరుగుతుంది. కాబట్టి కెమెరా ఒక నిమిషం తిరిగితే గోడమీద చుక్క సుమారు 3 మిల్లీమీటర్లు జరగాలి. కంటికి అందని కదలిక స్కేలుతో కొలవగలిగేంత పెద్దదయింది! ఈ కిరణాన్ని ఎవరి కంట్లోకీ పోనివ్వకూడదు. పెద్దవాళ్ళు దగ్గరుండగానే ఈ ప్రయోగం చెయ్యాలి.

మొదట చీల లేకుండా చూశాం. హోల్డరు పలక లాగగానే చుక్క గోడమీద జానెడు దూరం గంతు వేసింది, మళ్ళీ మొదటి చోటికి రాలేదు. చీల పెట్టి లాగితే చుక్క వణికింది కాని, కొద్ది సెకన్లలో ఉన్నచోటికే వచ్చి నిలిచింది. దాన్నిబట్టి ఒక నియమం పెట్టుకున్నాం: పలక లాగిన తరువాత మనసులో పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు కటకం మూత తియ్యాలి.

మరునాడు పొద్దున తాతగారిని బడి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఈసారి నల్లగుడ్డ కింద మా పిల్లలు, ఎదుట ఆయన. "కదలకండి తాతగారూ!" అంది అమ్మాయి. వరండా నీడలో ఆరు సెకన్లు. సాయంత్రానికి చిత్రం ఆరింది. ఆయన జేబులోంచి భూతద్దం తీసి తన ముఖాన్ని చూసుకోలేదు. చొక్కా గుండీకి ఉన్న నాలుగు చిల్లులను లెక్కపెట్టారు. తరువాత కెమెరాను బోర్లించి అడుగుపలక చూశారు. కొత్త రంధ్రం ఒక్కటీ లేదు. "ఇక ఇది మీదే" అన్నారు.

మీరూ లెక్క వెయ్యండి

1. ఒక కెమెరా బరువు 10 కిలోలు, అడుగుపలక పొడవు 50 సెంటీమీటర్లు. వెనక కొన కింది తూకం 6, ముందు కొన కింది తూకం 4 కిలోలు చూపాయి. రంధ్రం వెనక కొననుంచి ఎంత దూరంలో ఉండాలి?

2. 8 కిలోల కెమెరాలో 2 కిలోల ముందుభాగాన్ని 10 సెంటీమీటర్లు ముందుకు జరిపితే గురుత్వకేంద్రం ఎంత జరుగుతుంది?

3. పై అద్దం ప్రయోగంలో గోడ పది మీటర్ల దూరంలో ఉంటే, కెమెరా ఒక నిమిషం కోణం తిరిగినప్పుడు చుక్క ఎంత జరుగుతుంది?

4. నిండు బిందెను చంకన పెట్టుకున్నవారు శరీరాన్ని రెండో వైపుకు ఎందుకు వంచుతారు? ముక్కాలి త్రిభుజాన్ని గుర్తు తెచ్చుకుని జవాబు చెప్పండి.

(జవాబులు: 1. 20 సెంటీమీటర్లు. 2. 2.5 సెంటీమీటర్లు. 3. సుమారు 6 మిల్లీమీటర్లు. నాలుగోదాని జవాబు మీరే ఆలోచించి, మీ మాస్టారికి చెప్పండి.)